మందు పనిచేసిందా? చేనునే అడగండి



మొక్కజొన్న చేనులో పురుగు కనబడగానే మందు తెచ్చి కొడతాము. వారంలో పురుగు తగ్గితే మంచి మందంటాము. తగ్గకపోతే నకిలీ మందంటాము. ఈ రెండు తీర్పులూ తప్పు కావచ్చును. నిజం తేల్చుకొనే ఉపాయం మన చేతిలోనే వున్నది.

ముందుగా పురుగును గుర్తుపట్టవలెను. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి, ఆ యేడే మన ప్రాంతాలకూ వచ్చినది కత్తెర పురుగు. దాని తలమీద తలక్రిందులైన ఆంగ్ల 'వై' అక్షరం వంటి తెల్లని గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు వుంటాయి. పిల్లపురుగు ఆకును గీకి తింటే ఆకుపై తెల్లని పొరలు కనబడతాయి. పెద్ద పురుగు మొవ్వులో దూరి, రంపపు పొట్టువంటి పెంటతో దారి మూసుకుంటుంది. అప్పుడు మందు దానికి చేరడం కష్టం.

ఈ పురుగు మందు కొట్టకపోయినా కొంత తగ్గుతుంది. ఒకే మొవ్వులో పడితే ఒకదానినొకటి తింటాయి. యెదిగినవి మట్టిలోకి దిగి కోశస్థ దశకు పోతాయి. మిత్రపురుగులు, బూజు తెగుళ్ళు మరికొన్నింటిని చంపుతాయి. ఆ తగ్గుదల కూడా మందు ఖాతాలోనే వేస్తే మోసపోతాము.

కనుక చేనులో ఒకేలాగున్న భాగంలో సెంటు చొప్పున ఆరు మళ్ళు గుర్తించండి. చీట్లు వేసి మూడింటికి మందు, మూడింటికి వట్టి నీళ్ళు కొట్టండి. మంచి మొక్కలున్న మళ్ళను మందుకు యేరుకోకూడదు. కొట్టడానికి ముందురోజు ఒకసారి, తరువాత మూడవరోజు, ఏడవరోజు లెక్క చూడండి. అంచు సాళ్ళు వదిలి, మడి నడుమ ఇరవై మొక్కల మొవ్వులు విప్పి, బ్రతికిన పురుగులు లెక్కించండి. ప్రతిసారీ వేరే మొక్కలు తీసుకోవలెను. లెక్క కాగితంమీద వ్రాయండి, నోటి లెక్క నిలవదు.

ఉదాహరణకు, మొదట రెండు వైపులా ముప్పైయేసి పురుగులున్నాయి అనుకుందాము. ఏడవరోజున మందు మళ్ళలో 12, నీళ్ళ మళ్ళలో 15 మిగిలినవి. ముప్పై పన్నెండయింది గదా, నూటికి 60 పాళ్ళు చచ్చినవని సంతోషిస్తాము. కాని మందు లేకుండానే పదిహేనుకు దిగినవి. మందు చేసిన పని 15లో 3, అంటే నూటికి 20 పాళ్ళే! ఈ లెక్కకట్టే పద్ధతిని 1925లో అబ్బట్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. మొదటి లెక్కలు రెండు వైపులా సమానంగా వున్నప్పుడే ఇది సరిపోతుంది.

"కళ్ళెదుట పురుగు తింటూవుంటే వదిలెయ్యమంటారా?" అని అడగవచ్చు. మూడు సెంట్లే, వారం రోజులే. పనిచెయ్యని మందును యెకరమంతా మళ్ళీ మళ్ళీ కొట్టే ఖర్చుతో పోల్చి చూడండి.

మందు ఓడిందని తేలితే వెంటనే మోతాదు పెంచవద్దు. పురుగు బాగా ముదిరిందా, మందు మొవ్వులో పడిందా, కొలత సరిగా వున్నదా చూడండి. ఉదాహరణకు ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం గుళికల మందు లీటరు నీటికి 0.4 గ్రాములు, అంటే పది లీటర్ల పంపుకు 4 గ్రాములు. ఇవన్నీ సరిగానే వున్నా పనిచెయ్యకపోతే బిల్లు, డబ్బా, మీరు వ్రాసుకున్న లెక్క తీసుకొని వ్యవసాయాధికారికి చూపండి. మందు మార్చవలసి వస్తే పేరు మారితే చాలదు. లోపలి రసాయనం వేరే తరగతిది కావలెను, లేకుంటే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది.

పరీక్ష చేసేటప్పుడు కూడా ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు మరువవద్దు. గాలికి ఎదురుగా కొట్టవద్దు. చీటీమీద వ్రాసిన గడువు తీరేదాకా ఆ చొప్ప పశువులకు వెయ్యవద్దు.

గ్రామసేవకులైన మిత్రులకు ఒక మనవి. ఊరికొక చేనులో ఈ ఆరు మళ్ళు వేయించండి. ఏడవరోజున నలుగురినీ పిలిచి అందరి ఎదుటా లెక్క చూపండి. దుకాణదారు మాట, పొరుగువాని మాట విన్నాము. ఇకమీదట చేను చెప్పే మాట కూడా విందాము.