రాక్షసి పిల్ల, దేవకన్య, ఒక పనికిమాలిన కుర్రాడు

మన దగ్గర 'కామిక్ చదువుతున్నా' అంటే చాలామంది ఇంకా చందమామ వయసు దగ్గరే ఆగిపోతారు. అందులో కొమ్ములున్న అమ్మాయి, అదీ పులిచారల బికినీలో కనిపించిందంటే ఇక చెప్పక్కర్లేదు. క్యాబ్‌లో పక్క సీటువాడు మన ఫోన్‌లోకి ఒకసారి, మన మొహంలోకి ఒకసారి చూస్తాడు. అయినా సరే, ఈ వారం ఆ కొమ్ముల పిల్ల గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే 1978లో పుట్టిన ఆ పిల్లకి ఇప్పటికీ ఫ్యాన్స్ తగ్గలేదు.

పేరు లమ్. కామిక్ పేరు 'ఉరుసేయ్ యాత్సురా'. గోల గోల చేసే గుంపు అని అర్థం చెప్పుకోవచ్చు. టైటిల్‌లో 'సేయ్' అన్నచోట నక్షత్రం అనే అక్షరం వాడి, వీళ్లు వేరే గ్రహం వాళ్లు కూడా అని చమత్కరించారు. రాసి, బొమ్మలు గీసింది రుమికో తకహాషి. మొదలుపెట్టేటప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు. 'షోనెన్ సండే' వారపత్రికలో 1987 దాకా నడిచి, 34 సంపుటాలైంది. అబ్బాయిల పత్రికలో, అబ్బాయిల కళ్లకి నచ్చే బొమ్మలతో, అబ్బాయిల మీదే జోకులేసింది ఓ అమ్మాయి. సగం కిక్ అక్కడే ఉంది.

కథ సింపుల్. భూమిని ఆక్రమించడానికి 'ఓని' జాతి వస్తుంది. (మన లంగా ఓణీ కాదండోయ్, ఓని అంటే జపాన్ రాక్షసి.) భూమి తరఫున ఒకడు పది రోజుల్లో లమ్ కొమ్ములు పట్టుకుంటే వదిలేసి వెళ్లిపోతారు. కంప్యూటర్ ఎవడో ఒకణ్ణి ఎంపిక చేస్తుంది. వాడే అటారు. దురదృష్టానికి బ్రాండ్ అంబాసిడర్, కనిపించిన ప్రతి అమ్మాయినీ ఫోన్ నంబర్ అడిగే రకం. ఇందులో ఇంకో తమాషా. మన పట్టుకునే ఆటలో వెంటపడేవాణ్ణి 'దొంగ' అంటాం కదా, జపాన్ పిల్లలు వాణ్ణే 'ఓని' అంటారు. అంటే ఇక్కడ అసలు రాక్షసి పారిపోతుంటే, మనిషి రాక్షసుడై వెంటపడతాడన్నమాట!

చివరి రోజు అటారు ఆమె బికినీ పైభాగం లాక్కుని, దాంతో ఏమార్చి కొమ్ములు పట్టేస్తాడు. గెలిస్తే పెళ్లి చేసుకుంటానని స్నేహితురాలు షినోబు మాటిచ్చింది కాబట్టి 'ఇక పెళ్లే' అని అరుస్తాడు. లమ్ అది తనకే చెప్పాడనుకుంటుంది. అంతే, వాడింట్లో సెటిల్. కోడ్‌లో ఒక్క వేరియబుల్ తప్పు చోట అసైన్ అయితే ప్రోగ్రాం మొత్తం ఎలా తిరుగుతుందో, ఈ కథంతా అలా తిరుగుతుంది.

ఈ బట్టలు లాక్కునే ఘట్టం మనకి కొత్తేం కాదు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ' గుర్తు చేసుకోండి. స్నానానికి దిగిన దేవకన్య చీర దాచేస్తాడు హీరో. జపాన్‌లోనూ జాలరి ఒకడు దేవకన్య వస్త్రం దాచేసిన పాత కథ ఉంది. వాటిలో బట్ట దాచినవాడిదే పైచేయి. తకహాషి దాన్ని తలకిందులు చేసింది. ఇక్కడ లాక్కున్నవాడే బుక్కైపోయాడు. ఆమె ఎగరగలదు, కరెంట్ షాక్ ఇవ్వగలదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోగలదు. ఉంటోందంటే తన ఇష్టంతోనే.

ఆ పులిచారల వెనక కూడా లెక్కుంది. పాత జపాన్ నమ్మకంలో రాక్షసులు వచ్చే దిక్కు ఈశాన్యం. అక్కడి రాశిచక్రంలో ఆ దిక్కుకి ఎద్దు, పులి పేర్లు. అందుకే ఓనికి ఎద్దు కొమ్ములు, పులి చర్మం అంటారు. జానపద రాక్షసుడి గోచీని తకహాషి బికినీ చేసేసిందంతే. (వాస్తు ప్రకారం ఈశాన్యంలో దేవుడి గది పెట్టుకునే మనకి ఇది కాస్త షాకే.)

మరి దేవతలు? ఉన్నారు. లమ్ ప్రాణస్నేహితురాలు బెంతెన్. ఆమెకి మూలం బెంజైతెన్ అనే దేవత. బెంజైతెన్ ఎవరనుకున్నారు? బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతీదేవే. అక్కడ ఆమె చేతిలో వీణకి బదులు బివా అనే వాద్యం ఉంటుంది. కామిక్‌లోని బెంతెన్‌కి వాద్యం లేదు, గాల్లో ఎగిరే బైకు ఉంది. ఫిబ్రవరి మొదట్లో జపాన్ వాళ్లు వేయించిన సోయా గింజలు విసిరి రాక్షసుల్ని తరిమి, అదృష్టాన్ని ఇంట్లోకి పిలిచే పండగ చేసుకుంటారు. కామిక్‌లో ఆ పండగ దేవతలకీ ఓనిలకీ మధ్య పెద్ద యుద్ధం. ఆ రోజు కొట్టుకుంటారు, మర్నాటి నుంచి మళ్లీ ఫ్రెండ్సే. మంచి, చెడు అనేవి జెర్సీ రంగులంతే.

ఇవన్నీ ఉన్నా బికినీ చూసి వచ్చినవాళ్లు పది చాప్టర్లకే దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. లమ్ వండితే ఆ కారానికి అటారు నోట మంటలే. మనవాళ్లయితే ఇంకో ముద్ద కలుపుకునేవారేమో. ఉప్పులో ఊరేసిన పుల్లటి ఉమెబోషి తింటే ఆమెకి మత్తెక్కుతుంది. సెక్సీ బొమ్మ కాస్తా మెల్లగా మనింట్లో మనిషైపోతుంది.

అన్నీ మెచ్చుకోలేం. అమ్మాయి వద్దంటున్నా వెంటపడటం, తాకడం ఇందులో జోకులు. షాకులు, చెంపదెబ్బలు పడేది అటారుకే, ఏ అమ్మాయీ పడిపోదు. వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని నేర్పిన మన హీరోల కన్నా ఇది నయమే. కానీ వాడు మర్నాడు మళ్లీ అదే పని చేస్తే మనం మళ్లీ నవ్వుతాం. నిజజీవితంలో బస్టాప్‌లో ఆ వేధింపు పడే అమ్మాయి చేతిలో కరెంట్ ఉండదు. ఈ తేడా మర్చిపోకుండా చదవాలి.

ఇక క్లైమాక్స్. స్పాయిలర్ వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి. చివర్లో మళ్లీ అదే పది రోజుల ఆట. ఈసారి లమ్ ఒకే షరతు పెడుతుంది: ప్రేమిస్తున్నానని ఒక్కసారి చెప్పు. చెప్పకపోతే అందరి జ్ఞాపకాల్లోంచి ఆమె చెరిగిపోతుంది. రోజూ వందమందికి లైన్ వేసే అటారు నోట ఆ ఒక్క మాట రాదు. ఇలాంటప్పుడు ఒత్తిడికి చెప్తే అది నిజమో అబద్ధమో ఎలా తెలుస్తుందన్నది వాడి పట్టుదల. పరిగెత్తుతూ పడిపోయినప్పుడు, అంతకుముందు ఊడిపోయిన ఆమె కొమ్ము వాడి దగ్గర్నుంచి జారిపడుతుంది. ఇన్నాళ్లూ దాచుకున్నాడు. లమ్‌కి అది చాలు, పట్టుబడటానికి ఒప్పుకుంటుంది.

మాట మాత్రం వాడు చివరి పేజీ దాకా చెప్పడు. జీవితమంతా పట్టినా చెప్పిస్తానని ఆమె, పోయేముందు చెప్తాలే అని వాడు. మా టీమ్‌లో ఇంజినీర్లలో సగం మందిది ఇదే కేసు. వంద మీమ్‌లు పంపుతారు, అర్ధరాత్రి ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి పికప్ చేసుకుంటారు, ఆ మూడు ముక్కలు మాత్రం టైప్ చేసి డిలీట్ చేస్తారు. లమ్ కొమ్ము చూసి అర్థం చేసుకుంది. అందరూ అంత ఓపిగ్గా చూడరు. మీరు మాత్రం చెప్పేయండి.