గెలుపోటములు లేని యాట

మన విద్యార్థు లాడు కంప్యూటరు ఆటలలో పెక్కింటియందు శత్రువును గూల్చుటయో, పందెము గెలుచుటయో ప్రధానము. ఆ రెండును లేని యాట నొకదానిని మే మిచట పరిచయము చేయుచున్నాము. దాని పేరు నాక్టిస్. ఇటలీ దేశస్థుడగు అలెస్సాండ్రో గిన్యోలా దానిని రచించి, 2000 సంవత్సరమున ఉచితముగా నొసంగెను. దాని నెఱిగినవారు కొలదిమందియే.

ఆడువారు వ్యోమనౌక నెక్కి, ఫెల్టీరియన్ అను కల్పిత నక్షత్రసముదాయములో ఇచ్చవచ్చిన తావునకు బోవుదురు. గ్రహములపై దిగి నడతురు. అందలి నక్షత్రములు 7,800 కోట్లు.

ఇన్ని లోకములు చిన్న ప్రోగ్రాములో నెట్లు పట్టినవి? రచయిత లోకములను చిత్రించి దాచలేదు. వానిని బుట్టించు సూత్రములను మాత్రమే వ్రాసెను. గుణించుట తెలిసినవాడు లబ్ధములన్నిటిని వ్రాసి దాచుకొన నక్కఱలేదు గదా! అట్లే కంప్యూటరు నక్షత్రముయొక్క స్థానమును బట్టి లెక్కగట్టి, దాని గ్రహములను అప్పటికప్పుడు నిర్మించును. లెక్క యొక్కటియే గనుక ఎవరు పోయినను అదే లోకము కానవచ్చును.

కావుననే ఒకరు చూచినది మఱియొకరికి బనికివచ్చును. ఆడువారు నక్షత్రములకు బేర్లిడి, తాము చూచిన విశేషములను వ్రాసి రచయితకు బంపగా, అవి యందఱి కుపయోగించు సూచికలో జేరెను.

బొమ్మలు నేటి యాటలంత సొంపైనవి కావు. పాత డాస్ పద్ధతికి జెందిన దగుటచే, నేటి కంప్యూటరులపై నడపుటకు డాస్‌బాక్స్ వంటి సాధనము కావలెను. అయినను నిదానించి చూచుట, చూచినదానిని ఇతరుల కుపకరించునట్లు వ్రాసియుంచుట, ఈ రెండును శాస్త్రవిద్యకు దొలిమెట్లు. బహుమాన మేమియు జూపక వీనిని నేర్పు ఆట లరుదు. తల్లిదండ్రు లొక సెలవుదినమున పిల్లలతో గూర్చుండి, ప్రక్కనొక నోటుపుస్తకము నుంచుకొని, దీని నాడి చూడవలెనని మా మనవి.