గుత్తి సాలీడు కుబుసం విడిచే వేళ.. కదిలిస్తే ముప్పే!

నీరు, నిశ్శబ్దం.. ఈ రెండే అసలైన మందు

గుత్తి: చారిత్రక కోటతో పేరొందిన అనంతపురం జిల్లా గుత్తికి విదేశాల్లో మరో గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి రైల్వే కలప డిపోలో దొరికిన నీలి రంగు సాలీడును 1899లో ఆంగ్ల జంతు శాస్త్రవేత్త ఆర్.ఐ.పోకాక్ శాస్త్ర లోకానికి పరిచయం చేశారు. దీని శాస్త్రీయ నామం పోయెసిలోథీరియా మెటాలికా. గుత్తి టరాంటులాగా ప్రసిద్ధి చెందిన ఈ ప్రాణిని అమెరికా, ఐరోపా దేశాల్లో ఎందరో గాజు పెట్టెల్లో పెంచుతున్నారు. వారిని అన్నిటికంటే కలవరపెట్టేది అది కుబుసం విడిచే సమయం. ఆ కొద్ది గంటల్లో తెలియక చేసే సాయమే దాని ప్రాణం తీసే ప్రమాదం ఉంది.

కుబుసం ఎందుకు?

సాలీడుకు లోపల ఎముకలు ఉండవు. ఒంటిపైనున్న గట్టి పెంకే దానికి అస్థిపంజరం. ఆ పెంకు సాగదు గనుక శరీరం పెరగాలంటే పాతదాన్ని వదలక తప్పదు. పిల్ల సాలీళ్లు తరచుగా, ఎదిగిన ఆడ సాలీళ్లు దాదాపు ఏడాదికోసారి కుబుసం విడుస్తాయి. సమయం దగ్గర పడుతుండగా ఆహారం మానేస్తాయి. రంగు మాసిపోతుంది. కదలికలు తగ్గుతాయి.

తీరా ఆ సమయం వచ్చాక చాలా టరాంటులాలు వెల్లకిలా పడుకుంటాయి. చచ్చిపోయిందని భ్రమపడి దాన్ని తిరగేయడం, పారవేయడం కొత్తగా పెంచేవారు చేసే పెద్ద పొరపాటు. వెల్లకిలా ఉంటే కుబుసం విడుస్తోందని అర్థం. అలాకాక నిలబడి ఉన్నట్లే ఉండి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుపోతే అది ప్రమాద సూచన. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మరణం సమీపించినప్పుడు ఇలా కనిపిస్తుంది.

ఇరుక్కుపోవడానికి కారణం

సాలీడు కాళ్లను ముడవడానికి కండరాలున్నా, ప్రధాన కీళ్ల వద్ద చాచడానికి లేవు. శరీరంలోని ద్రవాన్ని కాళ్లలోకి ఒత్తిడితో పంపి వాటిని చాస్తుంది. కుబుసం విడవడానికీ ఆ ఒత్తిడే ఆధారం. ముందుగా తల, ఛాతీ భాగంపై ఉన్న డొప్ప అంచుల వెంట చిట్లి తెరుచుకుంటుంది. ఆ తర్వాత కోరలు, ఎనిమిది కాళ్లను పాత తొడుగుల నుంచి మెల్లమెల్లగా లాక్కుంటుంది. ఒంట్లో నీరు చాలకపోతే ఒత్తిడి తగ్గి పని మధ్యలో ఆగిపోతుంది. గాయాలు, బలహీనత కూడా ఇందుకు కారణమవుతాయి.

ఏం చేయాలి?

పెట్టెను కదపకూడదు. లోపల మిడతలు, చిమ్మెట్ల వంటి మేత పురుగులుంటే మెత్తబడిన సాలీడును అవి కొరికేస్తాయి గనుక ముందుగానే తీసేయాలి. నీటి గిన్నె నిండుగా ఉండాలి. గాలి ఆడేలా చూస్తూ అడుగున మట్టిని ఒక పక్క తడపవచ్చు. సాలీడుపై నేరుగా నీళ్లు చిలకరించకూడదు. వేడి దీపాలు పెడితే ఉన్న తేమ కూడా ఆవిరైపోతుంది.

సాలీడు బయటపడి, ఒకటి రెండు కాళ్లు మాత్రమే పాత తొడుగులో చిక్కుకుంటే గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తని కుంచెతో ఆ తొడుగును పదేపదే తడపాలి. మెత్తబడ్డాక చాలావరకు అదే వదిలించుకుంటుంది. చేత్తో గానీ, పట్టకారుతో గానీ బలవంతంగా లాగితే కొత్త చర్మం చీలి ద్రవం కారిపోతుంది. కాలు ఊడినా ఆందోళన అక్కర్లేదు. తర్వాతి కుబుసాల్లో క్రమంగా కొత్త కాలు వస్తుంది. అయితే ఎదిగిన మగ సాలీడుకు చివరి కుబుసం తర్వాత ఆ అవకాశం ఉండదు.

కోరలు నల్లబడేదాకా..

బయటపడిన సాలీడు కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. క్రమంగా ఎర్రబడి చివరికి నల్లగా గట్టిపడతాయి. అంతవరకు మేత వేయకూడదు. పిల్లలకు కొన్ని రోజులు, పెద్దవాటికి రెండు వారాలు, ఒక్కోసారి అంతకుమించి ఆగవలసి ఉంటుంది. నీరు మాత్రం మొదటి రోజు నుంచే అందుబాటులో ఉంచాలి. కోరలు వంకరపోయి వేటాడలేకపోతే చంపి చితిపిన పురుగును నోటి దగ్గర పెట్టాలి. ఆహారాన్ని పీల్చే జఠరం లోపలి పొర కూడా కుబుసంతో పాటే ఊడిరావాలి. అది లోపలే మిగిలిపోతే సాలీడు తినలేక చనిపోతుంది. అందుకే విడిచిన కుబుసాన్ని పారవేయకుండా పరిశీలించడం మేలు.

సొంతగడ్డపై దిక్కెవరు?

విదేశాల్లో ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్న ఈ సాలీడు సొంతగడ్డపై అంతరించే దశకు చేరింది. 1899 తర్వాత శతాబ్దం పాటు ఆచూకీ లేక, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మళ్లీ కనిపించింది. వంద చదరపు కిలోమీటర్ల లోపు విస్తీర్ణానికే పరిమితమైందని, తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2008లో ప్రకటించింది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్నీ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చడంతో విదేశీ వ్యాపారానికి అనుమతులు తప్పనిసరి అయ్యాయి.

అడవిలో దీనికి నీటి గిన్నె పెట్టేవారు లేరు. పాత చెట్ల తొర్రల్లోని తేమ, చీకటే కుబుసం వేళ దానికి రక్ష. కలప కోసం, వంటచెరకు కోసం ఆ చెట్లను నరికితే గూడుతో పాటు ఆ రక్షణా పోతుంది. అభయారణ్యాల నుంచి ఏ ప్రాణినైనా పట్టి తరలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా ఇది కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాల పట్టివేత కలుగుతాయి. నీలి సాలీడు కంటపడితే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి తెలపడమే ఉత్తమం.