దమ్ము ట్రాక్టరుకు ట్రక్కు తగిలించునపుడు

వరినాట్లు ముగిసిన పిదప ట్రాక్టరుకు పొలములో పని తగ్గి రోడ్డుమీద పని మొదలగును. నిన్న దమ్ము చేసిన యంత్రమే నేడు ఎరువుల బస్తాలను, కోతలనాటికి ధాన్యమును లాగవలెను. మన పల్లెలలో ఈ మార్పు ఒక గంటలో, తరచు ఒక కుఱ్ఱవాని చేతిమీదుగా జరిగిపోవుచున్నది. అందు గమనింపవలసిన విషయములను రైతు సోదరులకు తెలుపుచున్నాము.

మొదట దమ్ము చక్రములను విప్పవలెను. బురదలో పట్టునిచ్చు ఆ ఇనుప పళ్లే తారు రోడ్డును చీల్చివేయును. పిదప గొర్రును దించి, ట్రక్కును వెనుకనున్న హుక్కుకే తగిలింపవలెను. కొందరు తొందరలో గొలుసును గొర్రు పైకడ్డీ బిగించు చోట కట్టుట మేము చూచితిమి. ఇది ప్రాణాంతకము. లాగుడు వెనుక ఇరుసుకంటె ఎత్తున పడి, బరువు కదలక మొరాయించినచో, ఇంజను బలము ముందు చక్రములను పైకెత్తును. క్లచ్చి వదలిన క్షణములోనే ట్రాక్టరు వెనుకకు తిరగబడి డ్రైవరుమీద పడవచ్చును. తయారుచేసినవారు హుక్కును ఇరుసుకు దిగువన అమర్చినది ఇందుకే. దానిని వెల్డింగు చేయించి ఎత్తు పెంచరాదు. పిన్నుకు బదులు చేతికందిన ఊచను దూర్చుటయు తగదు. పిన్ను జారకుండ క్లిప్పు ఉండవలెను.

ఇక బ్రేకులు. దమ్ములో గట్టువద్ద మలుపు తిరుగుటకు కుడి యెడమ బ్రేకులను వేరువేరుగా త్రొక్కుదురు. రోడ్డెక్కుటకు ముందు రెండు పెడళ్లను గడియతో కలుపుట చాలమంది మరతురు. వేగములో ఒక్క పెడలే త్రొక్కినచో ట్రాక్టరు ఆ ప్రక్కకు తిరుగును. వెనుకనున్న ట్రక్కు దానిని నెట్టి పడద్రోయును. మన ట్రక్కులలో పెక్కింటికి సొంత బ్రేకులు లేవు. సుమారు 2 టన్నుల ట్రాక్టరే తన వెనుకనున్న 5 టన్నులను కూడ ఆపవలసియున్నది. వేగము రెట్టింపైనచో ఆ భారము నాలుగు రెట్లగును. దిగుడులో డీజిలు ఆదాకై న్యూట్రల్ వేయుట మరొక అలవాటు. ఆదా యెంతయో లెక్కించినవారిని మేము చూడలేదు. దిగుడు మొదలగుటకు ముందే చిన్న గేరులో పడవేసి, క్లచ్చి త్రొక్కకుండ దిగవలెను.

రెండు చక్రముల ట్రక్కులో బస్తాలన్నియు వెనుకకు పేర్చినచో హుక్కు పైకి లేచి, ట్రాక్టరు పెద్ద చక్రములకు పట్టు తగ్గును. అన్నియు ముందుకు పేర్చినచో స్టీరింగు తేలిపోవును. బరువు ఇరుసుమీద, కొంచెము ముందుకు మొగ్గియుండుట మేలు.

ట్రక్కు సరుకుకొరకు ఏర్పడినది. అయినను ఉదయమున కూలీలు దానిలోనే పొలములకు పోవుచున్నారు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపమున కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. కాలువగట్టుపై ఒక చక్రము జారినను ట్రక్కు బోల్తాపడును. దాని క్రింద చిక్కినవారికి ఈత వచ్చినను ప్రయోజనముండదు. ఆటోకు అగు ఖర్చును రైతు, మేస్త్రీ కలిసి భరించుట కష్టమే గాని అసాధ్యము కాదని మా అభిప్రాయము.

చీకటిలో ఆగియున్న ట్రక్కును వెనుకనుండి వచ్చువారు కానలేరు. వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు పట్టీలు అంటింపవలెను. బురద పట్టినపుడు తుడువవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రక్కు ప్రక్కన దాని నంబరును, వెనుక ట్రాక్టరు నంబరును వ్రాయింపవలెను. ట్రక్కు ఎరువు తెచ్చుకొన్నదైనచో, దానిపై పాత ట్రాక్టరు నంబరు మిగిలియున్నదేమో చూచుకొనవలెను.