పొందూరు నూలు మాటలు – రష్యన్ అనువాదం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, కథా కవితా అని కొంతసేపు ఆలోచించాము. చివరికి మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము చేసిన ఒక చిన్న పని గురించి రాస్తే తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందనిపించింది. నాలుగు వాక్యాలను రష్యన్ భాషలోకి మార్చడమే ఆ పని. నాలుగు వాక్యాలకు మాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడమే ఈ వ్యాసం.

మన హాస్టల్‌లో చదివి వెళ్ళిన అన్న ఒకరు రష్యాలో వైద్యం చదువుతున్నారు. సెలవులకు వచ్చి తిరిగి వెళ్తూ అక్కడి గురువుగారికి ఇవ్వడానికి పొందూరు సన్న ఖద్దరు కొన్నారు. ఉత్త గుడ్డ ఇస్తే దాని విలువ తెలియదు కదా అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసుకున్నారు. “చేప దవడతో కార్డింగ్ చేసిన పత్తి. ఇరవై నాలుగు ఆకుల స్పిన్నింగ్ వీల్ మీద చేతితో వడికినది. స్లైవర్లు అరటి దొప్పలో ఉంచుతారు. నూలు నూరు కౌంటు.” ఇదీ సారాంశం. దీన్ని రష్యన్‌లోకి మార్చడంలో సాయం చేయమని మమ్మల్ని అడిగారు. ఆయనకు రోగులతో మాట్లాడేంత రష్యన్ వచ్చు, నూలు మాటలు రావు. మాకు ఇంగ్లీషు–రష్యన్ నిఘంటువు చూడడం వరకు వచ్చు.

ఫోను చేసిన అనువాదం

మొదట అందరూ చేసే పనే మేమూ చేశాము. మాటలను విడివిడిగా ఫోనులో కొట్టాము. ‘కార్డు’ అంటే ‘కార్త’ అని వచ్చింది. అది పేకముక్క, లేదా దేశపటం. ‘కౌంట్’ అంటే ‘గ్రాఫ్’ అని వచ్చింది. గ్రాఫ్ అంటే జమీందారుల బిరుదు. టాల్‌స్టాయ్ గారి పేరు ముందు కౌంట్ అని రాస్తారే, అదన్నమాట. గాంధీగారు 1910లో దక్షిణాఫ్రికాలో తమ ఆశ్రమానికి టాల్‌స్టాయ్ పేరే పెట్టుకున్నారు కాబట్టి ఖద్దరుకూ టాల్‌స్టాయ్‌కూ చుట్టరికం లేకపోలేదు. అయినా ఒక అంగవస్త్రంలో నూరుగురు జమీందారులంటే మరీ ఎక్కువ!

నవ్వుకున్నాక అసలు సంగతి అర్థమైంది. ఒక్కొక్క పనిలో ఒక్కొక్క మాటకు వేరే అర్థం ఉంటుంది. ఆ పని తెలియకపోతే నిఘంటువులోని ఆరు అర్థాల్లో ఏది తీసుకోవాలో తెలియదు. అందుకని నిఘంటువు మూసేసి, మాలో ఒకరి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాము. ఆమె యాభై ఏళ్ళుగా వడుకుతున్నారు.

కార్డింగ్ కాదు, దువ్వడం

“సేప దవడతో ఏకుతారు కదా అమ్మమ్మా?” అని అడిగాము.

“ఏకడమేటిరా బాబూ, అది దువ్వడం. గింజ తియ్యకుండా ఎవులైనా ఏకుతారేటి?” అన్నారు.

ఈ ఒక్క మాటతో అన్న రాసుకున్న మొదటి వాక్యం తప్పని తేలిపోయింది. పొందూరులో పని వరుస ఇది. పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ మీద సన్నటి పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటితో దువ్వితే చెత్తా నలుసూ పోయి, గింజను పట్టుకొని ఉన్న పోగులు ఒక దిక్కుకు చాపుగా వస్తాయి. తర్వాత చెక్క పీట మీద పెట్టి సన్నటి ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. తర్వాత దూదిని పొంగిస్తారు. ఆ తర్వాతే విల్లుతో ఏకుతారు. ఏకిన దూదిని చుట్టితే ఏకు. ఏకు నలగకుండా, మురికి పట్టకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకొని వడుకుతారు. వడికిన నూలును చిలపలు చుడతారు.

ఇంగ్లీషులో కార్డింగ్ వేరు, కోంబింగ్ వేరు. కార్డింగ్ అంటే చిక్కుపడిన దూదిని విడదీసి పలుచన చేయడం. కోంబింగ్ అంటే పొట్టి పోగులు తీసేసి పొడుగు పోగులను వరసలో పెట్టడం. విల్లుతో చేసేది కార్డింగ్‌కు దగ్గర. దవడతో చేసేది కోంబింగ్‌కు దగ్గర. ఇంగ్లీషులో మన ఖద్దరు గురించి రాసేవారు చాలామంది రెండింటినీ కలిపి కార్డింగ్ అనేస్తారు. చదివేవారికీ తేడా తెలియదు కాబట్టి చెల్లిపోతుంది.

రష్యన్‌లో అలా చెల్లదు. అక్కడ మూల క్రియ ‘చెసాత్’. తల దువ్వడానికీ అదే మాట, నూలు పనికీ అదే మాట. మిల్లు భాషలో మాత్రం కార్డింగ్‌ను ‘కర్దోచెసానియె’ అనీ, కోంబింగ్‌ను ‘గ్రెబ్నెచెసానియె’ అనీ విడదీస్తారు. గ్రెబెన్ అంటే దువ్వెన. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అమ్మమ్మ మాట ప్రకారం దువ్వెన ఉన్న మాటనే ఎంచుకోవాలి. కానీ అది మిల్లు మాట, యంత్రాలను గుర్తుకు తెస్తుంది. అందుకని ఇంట్లో తల దువ్వుకొనే మామూలు క్రియనే వాడి “పత్తిని చేప దవడతో దువ్వుతారు” అని రాశాము. ఇంగ్లీషు మీదుగా పోయి ఉంటే తప్పు రాసేవాళ్ళం. తెలుగు నుంచి నేరుగా పోతే సరిగ్గా కుదిరింది.

రాట్నం, కదురు, వడికే మనిషి

స్పిన్నింగ్ వీల్‌కు నిఘంటువు ‘ప్ర్యాల్క’ అని చూపించింది. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. పాతకాలపు రష్యా పల్లెల్లో ప్ర్యాల్క అంటే చక్రం లేదు. నిలువుగా లేచి ఉండే చెక్క పలక అది. దానికి అవిసె నారను కట్టి, ఒక చేత్తో నార లాగుతూ, ఇంకో చేత్తో కదురు తిప్పేవారు. ఆ పలకల మీద పువ్వులూ పక్షులూ చెక్కి, రంగులు వేసి ఆడపిల్లలకు ఇచ్చేవారు. తర్వాత చక్రం వచ్చాక దానికి ‘సమప్ర్యాల్క’ అని పేరు పెట్టారు. తానే వడికేది అని అర్థం. క్రమంగా చక్రాన్ని కూడా ప్ర్యాల్క అనడం అలవాటైంది. అందుకని మేము ‘చక్రం గల చేతి ప్ర్యాల్క’ అని వివరంగా రాశాము. చక్రం ఆకుకు రష్యన్‌లో ‘స్పీత్స’ అంటారు. స్వెట్టర్లు అల్లే సూదికి కూడా అదే మాట. పక్కన చక్రం ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

కదురు విషయంలో కష్టమే లేదు. ‘వెరెతెనో’ అంటే కదురే. పడుగుకు ‘అస్నోవ’, పేకకు ‘ఉతోక్’ ఉన్నాయి. ఎక్కడైనా మనిషి గుడ్డ కట్టుకున్నాడంటే ఈ మాటలు ఉండక తప్పదు.

అన్న రాసుకున్న ఇంగ్లీషులో ‘చేతితో వడికినది’ అని ఉంది. చేయి ఉంది గాని ఆ చేయి ఎవరిదో లేదు. రష్యన్‌లో ఆ వాక్యం రాస్తుంటే ‘ప్ర్యాఖ’ అనే మాట తగిలింది. చేత్తో నూలు వడికే ఆడమనిషి అని దాని అర్థం. మిల్లులో పనిచేసే ఆమెకు వేరే మాట ఉంది. ఆ ఒక్క మాట పెట్టగానే వాక్యంలోకి మనిషి వచ్చింది. పొందూరులో ఇప్పుడు వడికేవారిలో ఎక్కువమంది వయసు మళ్ళిన ఆడవాళ్ళే. గుడ్డ పేరు అందరికీ తెలుసు, వీళ్ళ కూలి ఎంతో ఎవరూ అడగరు. కనీసం కాగితం మీదనైనా వాళ్ళుండాలని మేము పట్టుబట్టి ఆ మాట ఉంచాము.

కౌంటును మార్చాలంటే లెక్క చేయాలి

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టినది ‘నూరు కౌంటు’. ఇక్కడ మాట మారిస్తే సరిపోదు, అంకె కూడా మార్చాలి.

ఇంగ్లీషు పద్ధతిలో 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువులో ఎన్ని చిలపలు తూగితే అన్ని కౌంట్లు. నూరు కౌంటు అంటే ఒక పౌనులో, అంటే సుమారు 454 గ్రాములలో, నూరు చిలపలు ఉంటాయి. అంటే 84,000 గజాలు, దాదాపు 76.8 కిలోమీటర్లు. అరకిలో కూడా లేని నూలును పొందూరు నుంచి శ్రీకాకుళం వరకు లాగి, తిరిగి పొందూరుకు తెచ్చినా ఇంకా చాలా మిగులుతుంది. అంత సన్నం.

రష్యాలో గజాలూ పౌన్లూ ఎవరికీ తెలియవు. అక్కడ సోవియట్ కాలంలో ముందు ‘నోమెర్’ అనే మెట్రిక్ లెక్క వాడేవారు. ఒక గ్రాము నూలు ఎన్ని మీటర్లు వస్తే అంత నంబరు. మన నేతవాళ్ళు కూడా ‘నూరో నంబరు నూలు’ అనే అంటారు కదా. కానీ రెండు నంబర్లూ ఒకటి కాదు. మన నూరు అక్కడ సుమారు 169 అవుతుంది. తర్వాత ‘టెక్స్’ అనే అంతర్జాతీయ లెక్క వచ్చింది. ఇది తలకిందులుగా ఉంటుంది. వెయ్యి మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్‌లు. మన నూరు కౌంటు 5.9 టెక్స్. నలభై కౌంటు 14.8 టెక్స్. కౌంటులో అంకె పెరిగితే నూలు సన్నం. టెక్స్‌లో అంకె పెరిగితే నూలు లావు. తమ్ముళ్ళూ, దీన్ని ఒక సూత్రంగా గుర్తుపెట్టుకోండి: 590.5ను కౌంటుతో భాగిస్తే టెక్స్ వస్తుంది.

మేము ‘నూరు టెక్స్’ అని రాసి ఉంటే సన్న ఖద్దరు కాస్తా గోనెసంచి లాంటిదై ఉండేది. అందుకని 5.9 టెక్స్ అని రాసి, పక్కన ‘ఒక గ్రాము నూలు 169 మీటర్లు’ అని కలిపాము. లెక్క రానివారికి కూడా ఆ రెండో ముక్క అర్థమవుతుంది.

వాలుగ ముందే వెళ్ళింది

కొన్ని మాటలను మార్చకూడదు. ఏకుకు ఇంగ్లీషులో స్లైవర్ అంటారు, రష్యన్ మిల్లుల్లో ‘ల్యెంత’ అంటారు. ల్యెంత అంటే రిబ్బను. యంత్రం నుంచి రిబ్బనులా కారేది అది. అమ్మమ్మ చుట్టే ఏకు రిబ్బను కాదు. “ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు” అంటామే, ఆ మెత్తటి ఏకు ఇది. అందుకని ‘ఏకు’ అనే ఉంచి, ‘ఏకిన దూదిని చేత్తో చుట్టిన చిన్న చుట్ట’ అని వివరించాము. ఖాదీని రష్యన్లు కూడా ఖాదీ అనే అంటారు.

వాలుగ దగ్గర మాకు పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. రష్యన్‌లో ఆ జాతి చేపలన్నిటినీ ‘సోమ్’ అంటారు. మన వాలుగ అక్కడి నదుల్లో ఉండదు. అందుకని పక్కన శాస్త్రీయ నామం రాయాలనుకున్నాము. చూస్తే దాని పేరు ‘వల్లాగో అట్టు’. ఆ ‘వల్లాగో’ మన వాలుగే! విశాఖపట్నంలో ఉండి అక్కడి చేపలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1803లో రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం అచ్చు వేయించాడు. చేపలకు ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లే రాసుకున్నాడు. తర్వాత 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త ఆ ప్రజాతికి వల్లాగో అని పేరు స్థిరపరిచాడు. ఇవాళ మాస్కోలోనైనా టోక్యోలోనైనా జీవశాస్త్రం చదివేవారు ఆ చేపను మన జాలరుల మాటతోనే పిలుస్తారు.

లొమొనోసొవ్ అనే జాలరి కొడుకు

జాలరుల మాట వచ్చింది కాబట్టి రష్యన్ శాస్త్ర భాషకు పునాది వేసిన ఒకాయన గురించి చెప్పాలి. ఆయన పేరు మిఖాయిల్ లొమొనోసొవ్. 1711లో ఉత్తర రష్యాలో, తెల్ల సముద్రం వైపు ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి చేపలు పట్టేవాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో, 1730 చలికాలంలో, చదువు కోసం మాస్కో బయలుదేరాడు. రైతుబిడ్డలను విద్యాలయంలో చేర్చుకోరు కాబట్టి పుట్టుక దాచిపెట్టి చేరాడు. పక్కన కూర్చున్న చిన్నపిల్లలు ‘ఇంత వయసొచ్చి ఇప్పుడు లాటిన్ నేర్చుకుంటాడట’ అని వెక్కిరించేవారు. రోజుకు మూడు కోపెక్కుల భత్యం. అందులోనే రొట్టె, కాగితం, చెప్పులు. ఇదంతా తర్వాత ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. మెస్ చార్జీల లెక్క తెలిసిన మనకు ఇది ఎవరూ వివరించక్కరలేదు.

1746లో ఆయన ఒక భౌతికశాస్త్ర గ్రంథాన్ని రష్యన్‌లో ప్రచురించాడు. పరికరాలకూ ప్రకృతి విషయాలకూ మాటలు లేక తానే వెతుక్కోవలసి వచ్చిందని ముందుమాటలో చెప్పాడు. ఆయన వాడుకలోకి తెచ్చాడని చెప్పే మాటల్లో ‘మగ్నీత్నయ స్త్రెల్క’ ఒకటి. దిక్సూచిలోని అయస్కాంత సూచి అది. మగ్నీత్ బయటి మాట, అలాగే ఉంచాడు. స్త్రెల్క అంటే చిన్న బాణం, ఇంటి మాట. మన పుస్తకంలో ‘వక్రీభవనం’ అని బట్టీపట్టేదాన్ని ఆయన ‘కిరణాల విరుగుడు’ అనే అర్థం వచ్చేలా చెప్పాడు. ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నది ఆయన కూడా తేల్చుకోవలసి వచ్చింది.

తమ్ముళ్ళకు ఒక మాట

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ‘సాంకేతిక పదాలు’ అంటే భయపడేవాళ్ళం. అవి ఇంగ్లీషులోనే ఉంటాయనీ, మన ఇంట్లో మాట్లాడేవి మోటు మాటలనీ అనుకునేవాళ్ళం. ఎవరైనా అడిగితే ఇంట్లో చేసే పని పేరు చెప్పడానికి కూడా సిగ్గుపడేవాళ్ళం. ఇప్పుడు తెలిసింది, దువ్వడానికీ ఏకడానికీ తేడా చెప్పగలిగిన అమ్మమ్మ దగ్గర ఉన్నవే అసలైన సాంకేతిక పదాలు. ఆమె చెప్పకపోతే మా డిగ్రీలూ నిఘంటువులూ ఆ నాలుగు వాక్యాలను గట్టెక్కించలేకపోయేవి.

ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగు పుస్తకాలు అచ్చయి వచ్చేవి. పెరెల్మాన్ ‘నిత్య జీవితంలో భౌతిక శాస్త్రం’ అలా వచ్చినదే. 1972లో అక్కడ తెలుగు–రష్యన్ నిఘంటువు కూడా వేశారు. వాళ్ళు మన మాటలు పట్టుకున్నప్పుడు మనం పట్టుకోకపోవడం బాగుండదు.

కాబట్టి ఈ వేసవికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకువెళ్ళండి. మీ ఇంట్లో నేతో, వలో, తోలు పనో, పొలమో, తట్టలల్లడమో, ఏదుంటే అది. మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో మాట, రెండో గడిలో ఆ పని ఎలా చేస్తారో, మూడో గడిలో దేని తర్వాత ఏది చేస్తారో రాయండి. ఇంగ్లీషు మాట కోసం ముందే వెతక్కండి. చేసేవారిని అడిగి, వాళ్ళు అన్నది అన్నట్టే రాయండి. వడికే చేతులు తగ్గిపోతున్నాయి, ఆ చేతులతోపాటు ఈ మాటలూ పోతాయి. వచ్చే ఏడాది సంచికలో ఆ పట్టికలు అచ్చు వేయిద్దాము.

అన్న ఆ కాగితంతో అంగవస్త్రం గురువుగారికి ఇచ్చారట. ఆయన చదివి మొదట అడిగింది ఆ చేప గురించేనట. పేరు చెప్పడానికి మన అన్న తడుముకోలేదు.