తొమ్మిదో నెలలో తొందరొద్దు

పసికందుల వార్డులో నర్సుని. డ్యూటీ ఎక్కగానే ముందు బిడ్డల పాదాలు ముట్టుకుని చూస్తాను. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా తగిలినా, పొద్దుటి దాకా బాగా తాగిన బిడ్డ రొమ్ము పట్టకపోయినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా డాక్టరుగారిని పిలుస్తాం. సెప్సిస్, అంటే నెత్తుటికెక్కిన ఇన్ఫెక్షన్, ఇంత చిన్నవాళ్లలో జ్వరంతోనే రావాలని లేదు. గంటల్లో ముంచేస్తుంది.

"ఎవరు ముట్టుకుంటే అంటుకుంది సిస్టరమ్మా?" అని అమ్మమ్మలు అడుగుతారు. చేతుల శుభ్రం ముఖ్యమే. కానీ బిడ్డ తట్టుకునే బలం కొంత కడుపులోనే సమకూరాలి.

తల్లికి ఇదివరకు సోకిన క్రిములు, ఆమె వేయించుకున్న టీకాలు ఆమె రక్తంలో యాంటీబాడీలను తయారుచేయిస్తాయి. వాటిలో ఐజీజీ అనే రకాన్ని మాయ ఏరి పట్టుకుని బిడ్డకు దాటిస్తుంది. నాలుగో నెలలో కొద్దికొద్దిగా మొదలై, ఆఖరి నాలుగు వారాల్లో జోరందుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఐజీజీ తల్లితో సమానంగా, ఒక్కోసారి ఎక్కువగానే ఉంటుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డకు ఆ భాగ్యం లేదు.

తల్లి దగ్గర లేనిది బిడ్డకు రాదు. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ సోకి జబ్బుపడిన పసికందుల తల్లుల్లో ఆ క్రిమిని ఎదిరించే యాంటీబాడీలు తక్కువని 1976లో అమెరికాలో కారల్ బేకర్, డెన్నిస్ కాస్పర్ చూపించారు. గర్భిణికి టీడీ ఇంజెక్షన్ వేయడం కూడా ఈ దారిని నమ్ముకునే. బిడ్డకు ధనుర్వాతం రాకుండా కాపాడేది అదే.

బిడ్డ బలం యాంటీబాడీలతోనే అయిపోదు. 2014లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన నన్ను ఇంకా ఆలోచింపజేస్తోంది. చూలు ఎలుకలకు కాన్పు ముందు నుంచే యాంటీబయాటిక్స్ ఇస్తే, పిల్లల్లో క్రిములను మింగేసే న్యూట్రోఫిల్ కణాలు తగ్గాయి, ఆ పిల్లలు ఈ.కోలై అనే క్రిమి తెచ్చే సెప్సిస్‌కు తేలిగ్గా లొంగిపోయాయి. ఎలుకల్లో తేలినదంతా మనుషులకు వర్తించదు. డాక్టరు రాసిన మందు మానకూడదు కూడా. జలుబుకని మందుల షాపులో అడిగి మింగే యాంటీబయాటిక్ గోళీల గురించే నా బెంగ.

అంతకన్నా పెద్ద బెంగ ముహూర్తం కాన్పులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రాణం మీదికొస్తే కోయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ తల్లీబిడ్డా బాగుండగా, నక్షత్రం కోసం 37వ వారంలోనే బిడ్డను బయటికి తీస్తే, మాయ పని జోరుమీదున్నప్పుడే ఆపేసినట్టు. అలాంటి తారీఖు పట్టుకొచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: 39 వారాలు నిండాక ఏ రోజు బాగుందో చూడమని పంతులుగారిని అడగండి. ఆయన కాదనరు.