వార్తల్లో పదం: ఈఎంటీ

108 అంబులెన్సులో బండి నడిపేది పైలట్. వెనకాల రోగిని కనిపెట్టుకుని ఉండేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవలు మొదలయ్యాక తెలుగువాళ్లకు బాగా దగ్గరైన ఉద్యోగమిది.

శిక్షణలో మొట్టమొదటి పాఠం, అడుగుపెట్టే చోటు క్షేమమో కాదో చూసుకోవడం. తెగిపడిన కరెంటు తీగను గమనించకుండా పరుగెత్తితే బాధితులు ఇద్దరవుతారు. ఆ తర్వాతే శ్వాస, నాడి. గుండె ఆగిపోతే ఛాతీ మధ్యలో అరచేతి కింది భాగం ఆనించి నిమిషానికి 100–120 సార్లు నొక్కాలి. పెద్దవాళ్లకైతే 5–6 సెంటీమీటర్ల లోతున. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చూడ్డానికి తేలికే, రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి.

రక్తం ఆపడం, విరిగిన కాలికి బద్ద కట్టడం, అవసరమైతే దారిలోనే కాన్పు చేయడం కూడా నేర్పుతారు. ఇంతటి పనికి దక్కుతున్న గుర్తింపు మాత్రం చాలా తక్కువ.

ఆస్పత్రి చేరాక బీపీ, నాడి, ఇచ్చిన మందు, ఇచ్చిన సమయం అన్నీ డాక్టరుకు అప్పజెప్పాలి.